ట్రేలో చూసి తేల్చిన జబ్బు

నా కడుపులోంచి తీసిన గడ్డ ఎట్లా ఉండిందో మా వాడలో ఎవరినడిగినా చెప్తారు. రంగు చెప్తారు, వాసన చెప్తారు, ఎంత పెద్దదో దోసిలి పట్టి మరీ చూపిస్తారు. కుళ్ళిన బొప్పాసపండు లెక్క ఉండెనని మా ఆడబిడ్డ ఎప్పుడో అన్న మాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నిజానికి దాన్ని చూసింది మా ఇంట్లో ముగ్గురే: మా ఆయన, మా అత్త, మా ఆడబిడ్డ. మిగతావాళ్ళంతా విన్నవాళ్ళు. నేను ఆపరేషన్ గది తలుపుకు ఇవతలే, బల్ల మీద, పూర్తి మెలకువతో పడుకుని ఉన్నాను. నాకెవరూ చూపించలేదు, నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది నారాయణఖేడ్. అప్పటికి తెలంగాణ రాలేదు, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లు ఇంకా మూతపడలేదు. నేను మనూర్ దారిలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. పొద్దున్నే షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళి, పిల్లలకు పాటలు చెప్పి, వాళ్ళను తూచి, కడుపుతో ఉన్నవాళ్ళకు ఏం తింటే రక్తం పడుతుందో చెప్పి, ఎండ తిరిగాక ఇంటికి వచ్చేదాన్ని. మా ఆయనకు తహసీల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ దుకాణం ఉండేది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా మాకు పిల్లలు లేరు. ఒక్కసారి నిలిచి, మూడో నెలలో పోయింది. ఊరి పిల్లల బరువులు తూచేదానికి సొంత పిల్ల లేదని ఎవరేమన్నారో ఇక్కడ రాయను. అట్లాంటి మాటలు మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

నెలసరి వస్తే ఆగకపోవడం, పొత్తికడుపులో బరువు, నడిచినా కూర్చున్నా లాగడం, అప్పుడప్పుడు జ్వరం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న గోళీలతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఆఖరుకు ఖేడ్‌కు దూరంగా ఉన్న ఒక పెద్ద ఊళ్ళో స్కానింగ్ తీయించుకున్నాం. ఆ ఊరి పేరు చెప్పను, తర్వాత నన్ను కోసిన ప్రైవేటు దవాఖాన పేరు కూడా చెప్పను. చెప్తే ఆ ఒక్కదాని మీద నెపం పెట్టి మిగతావన్నీ చేతులు దులుపుకుంటాయి.

స్కానింగ్ చేసినాయన గర్భసంచి గోడకు గడ్డ పెరిగిందన్నాడు. చాలామంది ఆడవాళ్ళకు ఉంటుందట, కండతో తయారయ్యే గడ్డ, క్యాన్సర్ కాదట. మామూలుగా గట్టిగా ఉండాల్సిన గడ్డ మెత్తగా కనిపిస్తోందని, లోపల నీళ్ళు నిండిన గుంటలున్నాయని, జల్దీ తీసేస్తే మంచిదని అన్నాడు. గడ్డ వల్లనే కడుపు నిలవడం లేదేమోనని కూడా ఆయనే అన్నాడు. ఆ చివరి మాట పట్టుకుని నేను ఇంటికి వచ్చాను. గడ్డ పోతే పిల్ల పుడుతుంది. నాకు అంతవరకే వినపడింది.

ఇంట్లోవాళ్ళకు, వాడలోవాళ్ళకు వేరే వినపడింది. సంచే తీసేయించుకోమన్నారు, పీడ పోతుందన్నారు. మా వైపు ఆ మాట ఎంత తేలిగ్గా అంటారో చెప్తే పట్నంవాళ్ళు నమ్మరు. నా అంగన్‌వాడీకి పిల్లలను తెచ్చే తల్లుల్లో పెద్దాపరేషన్ అయి సంచి లేనివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కాదు, ఇంకా ఎక్కువ. తెల్లబట్ట అయితే తీయించుకున్నవాళ్ళున్నారు, నడుము నొస్తే తీయించుకున్నవాళ్ళున్నారు. కంగ్టి వైపు నుంచి చెరుకు కొట్టడానికి వలస పోయేవాళ్ళు, పనిలో నెలసరి అడ్డం ఎందుకని ముందే తీయించుకుని పోయేవాళ్ళు. పన్ను పీకించుకున్నట్టు చెప్పేవాళ్ళు. తీసిన డాక్టర్లు అంతకన్నా తేలిగ్గా చెప్పేవాళ్ళు. ముప్పై కూడా నిండని పిల్లలు మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే, ఇది మా నేల గుణమేమో అన్నట్టు అందరూ ఊరుకునేవాళ్ళు.

నేను ఊరుకోదలుచుకోలేదు. ఆపరేషన్ చేసే డాక్టర్ ముందు కూర్చుని స్పష్టంగా అడిగాను.

"సార్, గడ్డ వరకే తియ్యున్రి. సంచి ఉండాలె. నాకు పిల్లలు గావాలె."

"అట్లనేనమ్మా. గడ్డ వరకే తీస్తం. మళ్ళ కుట్లేసి సంచిని మంచిగ చేస్తం" అన్నాడాయన. మా ఆయన పక్కనే ఉన్నాడు. బయటికి వచ్చాక ఆయనతో కూడా అన్నాను, ఎవరేమన్నా సంచి మీద చెయ్యి వెయ్యనియ్యొద్దని. "నాకు మాత్రం వద్దా పిల్లలు" అన్నాడు. ఆ మాటకు నాకు ధైర్యం వచ్చింది.

ఇక్కడ మా వైపు దవాఖానల్లో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. ఆపరేషన్‌లో ఏం తీసినా దాన్ని స్టీలు ట్రేలో పెట్టుకుని బయటికి తెచ్చి ఇంటివాళ్ళకు చూపించాలి. చూపించకపోతే మా వాళ్ళు నమ్మరు. కోసి, ఏమీ తీయకుండానే కుట్టి పంపించాడని ఊరంతా అంటారు. అందుకని డాక్టర్లు కూడా ఆ అలవాటుకు అలవాటు పడ్డారు. అపెండిక్స్ అయినా, రాళ్ళయినా, సంచి అయినా ట్రే బయటికి రావాల్సిందే. చుట్టాలు దాని చుట్టూ మూగి, వంగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తారు. ఇంత పెద్దదా అని ఒకరు, ఇన్నాళ్ళు ఎట్ల మోసిందో అని ఇంకొకరు. తర్వాత ఊళ్ళోకి వచ్చి కథ చెప్తారు. ఎవరి లోపలిదో ఆ మనిషికి తప్ప అందరికీ ఆ దర్శనం అవుతుంది.

ఆ రోజు నాకు వెన్నులో సూది ఇచ్చారు. నడుము కింద మొద్దుబారింది. నోరు పనిచేస్తూనే ఉంది, చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. గుడ్డకు అవతల నా కడుపు, ఇవతల నా తల. లాగుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు. కొంతసేపటికి డాక్టర్ గొంతు వినిపించింది.

"ఇదేంది ఇట్లున్నది. అంత జిగురు జిగురున్నది."

చప్పుడును బట్టి ట్రేలో ఏదో మెత్తటిది పడిందని తెలిసింది. "ఏమైంది సార్" అన్నాను.

"ఏం కాలేదమ్మా. పరేషాన్ గాకు."

ఆయన నా తల పక్కనుంచే ట్రే పట్టుకుని నడిచి తలుపు దాకా వెళ్ళాడు. నేను మెడ తిప్పాను. ఆయన వీపు కనిపించింది, ట్రే కనిపించలేదు. తలుపు సరిగ్గా పడలేదు, సందులోంచి గుసగుసలు వచ్చాయి. మాటలు అర్థం కాలేదు. మా అత్త "ప్రభువా" అనడం వినిపించింది. ఆడబిడ్డ గొంతు పెద్దది కాబట్టి ఆమె ఏదో అంటున్నట్టు తెలిసింది. ఆ తర్వాత మా ఆయన "సరే సార్" అన్నాడు. అది మాత్రం స్పష్టంగా వినపడింది. దేనికి సరే అన్నాడో తెలియలేదు. డాక్టర్ లోపలికి వచ్చి "కానియ్యున్రి" అన్నాడు. నా చేతికి ఉన్న సూదిలోంచి ఏదో మందు ఎక్కించారు, కళ్ళు మూతపడ్డాయి.

లేచేసరికి వార్డులో ఉన్నాను. ఆడబిడ్డ నా తల నిమురుతూ జరిగినదంతా ఆమే చెప్పింది, మంచి వార్త చెప్తున్నట్టు. గడ్డ కోసి చూస్తే లోపలంతా జిగురు, గోధుమ రంగు నీళ్ళు. మామూలు గడ్డ తెల్లగా గట్టిగా ఉంటదట, ఇది మంచిగ కనవడ్తలేదని సార్ అన్నడట. సంచి గూడ తీసేస్తే ఇగ ఫికర్ ఉండదన్నడట. "మేం జల్దీ ఒప్పుకున్నం వదినా. పాణం కన్న ఎక్కువనా సంచి" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సెలైన్ సీసాలో ఎన్ని నీళ్ళున్నాయో చూస్తున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, కుట్లు చిట్లిపోతాయేమో అనేంత కోపం. నేను అక్కడే ఉన్నాను కదా. మాట్లాడుతున్నాను కదా. ఏమైంది అని అడిగాను కదా. ఆ ట్రే నా ముఖం పక్కనుంచే పోయింది. దాన్ని ఒక్క క్షణం నా దగ్గర ఆపి, అమ్మా ఇది ఇట్లా ఉంది, ఏం చేద్దాం అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? మా ఆడబిడ్డ ఏడో తరగతి కూడా పూర్తి చేయలేదు. నా కడుపు గురించి ఆమెను అడిగారు. నన్ను పండుకోబెట్టారు.

తీసినవాటిని ప్లాస్టిక్ డబ్బాలో మందునీళ్ళలో వేసి, పరీక్షకు హైదరాబాదు పంపాలన్నారు. మా ఆయనే చేతిబ్యాగులో పెట్టుకుని బస్సులో పట్టుకుపోయాడు. రిపోర్టు వచ్చేదాకా ఇల్లంతా ఉపవాసాలు, ప్రార్థనలు. మేము మా తాతల కాలం నుంచి మిషను క్రైస్తవులం. రిపోర్టు మంచిగ వస్తే కృతజ్ఞత కూడిక పెడతానని మా అత్త మొక్కుకుంది. నేను కుర్చీలో కూర్చుని వాళ్ళ ప్రార్థనలు వినేదాన్ని. క్యాన్సర్ కావద్దని వాళ్ళు అడుగుతున్నారు. నేను ఏం అడగాలో నాకు తెలియలేదు. క్యాన్సర్ అయితే చస్తాను. కాకపోతే, మరి దేనికి తీశారు? ఆ రెండో సగం ఆ ఇంట్లో నాకొక్కదానికే తోచినట్టుంది.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. గడ్డ మంచిదే, లోపల మాత్రం అరుదైన మార్పు వచ్చింది. గర్భసంచి, దాని లోపొర ఆరోగ్యంగా ఉన్నాయి. మా ఆయన దుకాణం కట్టేసి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. మా అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆరోగ్యంగా ఉన్నాయి అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్‌ను అడిగాను.

"సార్, రిపోర్టు వచ్చేదాక ఆగొచ్చు గద."

"అదృష్టవంతురాలివమ్మా. చానమందికి గిట్ల మంచిగ రాదు."

"నేను ఆగొచ్చా లేదా అని అడుగుతున్న."

"ఆ టైముల చూస్తే గట్లనే ఉండె. మీ ఇంటోళ్ళను అడిగిన, సరే అన్నరు. ఇగ దాని గురించి ఆలోచన చెయ్యకు" అని బెల్లు కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

నేను ఆలోచన చెయ్యకుండా ఉండలేకపోయాను. బస్సు ప్రయాణానికి ఒళ్ళు ఒప్పుకోగానే, పరీక్ష చేసిన ల్యాబుకు తీసుకుపొమ్మని మా ఆయన వెంటపడ్డాను. ఆయనకు ఇష్టం లేదు, అయినా వచ్చాడు. ఆ ల్యాబు డాక్టరమ్మ మొదట విసుక్కుంది. పేషెంట్లు తన దగ్గరికి రారట, రిపోర్టు చూసి అడగాల్సింది ఆపరేషన్ చేసినాయననే అంది. ఆయన చెప్పడం లేదన్నాను. నా మొహం చూసి కుర్చీ చూపించింది. మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు.

గడ్డ పెరిగినంత వేగంగా దానికి రక్తం అందించే నాళాలు పెరగవట. గడ్డ మధ్యభాగానికి రక్తం అందక అక్కడి కండ నీరసించిపోతుంది. కొన్నిట్లో సున్నం పేరుకుని రాయిలా అవుతుంది, కొన్నిట్లో రక్తం నిండి పచ్చిమాంసంలా ఎర్రబడుతుంది. నా దాంట్లో జిగురుగా మారి నీటి గుంటలు పడ్డాయి. ఇట్లాంటివి ఎక్కువ కనిపించవు, కనిపించినప్పుడు ఎవరికైనా భయం వేస్తుందని ఆమే అంది.

"కంటితో చూసి నేను కూడా చెప్పలేనమ్మా. నాకూ అనుమానం వచ్చింది, అందుకే చాలా చోట్ల కోసి చూశాను. కణాలు ఎంత వేగంగా విడిపోతున్నాయి, వాటి రూపం మారిందా, ఇవన్నీ మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది. నీ దాంట్లో చెడ్డది ఏదీ లేదు."

"ఒకవేళ చెడ్డదే అయితే?"

"మళ్ళీ ఆపరేషన్ చేసి సంచి తీసేవాళ్ళు."

"అంటే ఆగొచ్చు."

ఆమె మా ఆయన వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. "నీకు పిల్లలు కావాలని ముందే చెప్పి ఉంటే, ఆగొచ్చు. నిన్ను అడిగి ఉండాల్సింది" అంది.

నేనూ చూస్తానని అడిగితే, నా గడ్డ పొర అంటించిన ఒక గాజు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూడమంది. గులాబీ రంగు పోగులు, వాటి నడుమ లేత నీలం ఖాళీలు. శుభ్రంగా, నెమ్మదిగా, ఎవరి జోలికీ పోనట్టు ఉన్నాయి. కుళ్ళిన బొప్పాస అన్నది దీన్నేనా? నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. తిరుగు బస్సులో మా ఆయన టీ తాగుతవా అని తప్ప ఇంకేమీ అడగలేదు.

కృతజ్ఞత కూడిక మాత్రం ఆగలేదు. మొక్కు మొక్కే. ఇంటి ముందు షామియానా వేశారు, యాటను కోశారు, వాడంతా వచ్చింది. పాటలయ్యాయి, పాస్టరయ్య వాక్యం చెప్పాడు. తర్వాత స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఎట్లా చెప్పాలో అందరికీ తెలుసు. చావు అంచు దాకా పోయాను, దేవుడు నన్ను లాక్కొచ్చాడు, స్తోత్రం. ఇంతే, కూర్చోవచ్చు. పొద్దుట మా అత్త నాకు అదే నేర్పింది, రెండు ముచ్చట్లు చెప్పి కూసో అని.

నేను లేచాను. చాపల మీద ఆడవాళ్ళు, వెనక కుర్చీల్లో మగవాళ్ళు.

"నాకు క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది" అన్నాను. స్తోత్రం అన్నారు అందరూ. "గడ్డ లోపట మెత్తవడ్డది గాని చెడ్డది కాదట. సంచికి ఏం కాలేదట. అంటే మంచి సంచిని తీసేసిన్రు. నేను నిద్రపోలేదు, మెలకువతోనే ఉన్న. ఏమైంది సార్ అని అడిగిన గూడ. ట్రే పట్కపోయి బయటోళ్ళను అడిగిన్రు, నన్ను అడగలే. నాకు రోగం లేదని మీరంత దేవునికి స్తోత్రం చెప్తున్నరు. నేను గూడ చెప్త. గాని రోగం లేనిదానికి నాకు పిల్లలు లేకుండ చేసిన్రు గద, గా ముచ్చట ఎవ్వలు ఎందుకంటలేరు? ఇది నా సాక్ష్యం."

పాస్టరయ్య అలవాటు కొద్దీ స్తోత్రం అనబోయి, ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. మా ఆడబిడ్డ లేచి వంటల వైపు వెళ్ళిపోయింది. మా అత్త నా వైపు చూడలేదు. ప్రార్థన అయ్యాక ఆకులు వేశారు. ఇంత జరిగినా ఎవరూ తినడం మానలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి.

నేను నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడితే, నా అంగన్‌వాడీకి పిల్లను తెచ్చే ఒక తల్లి గ్లాసు కడుక్కుంటున్నట్టు వచ్చి పక్కన నిలబడింది. నాకంటే చిన్నది.

"టీచరమ్మా, మీది పరీక్షకు పంపిన్రు గద. నాది ట్రేల చూపించి బక్కెట్ల పారేసిన్రు. మరి నాకు రోగముండెనా లేకుండెనా, ఇప్పుడెట్ల తెలుస్తది?"

తెలియదు అన్నాను. ఆమె తల ఊపి, పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక మా ఆయన షామియానా తాళ్ళు విప్పుతున్నాడు. నేను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాను. ఒక తాడు చేతికి చుట్టుకుంటూ అన్నాడు.

"అందరి ముందట గట్ల అంటరా? ఇంట్లనే నన్ను అడగొచ్చు గద."

"ఇప్పుడు అడుగుతున్న చెప్పు. నేను లోపట మాట్లాడుతనే ఉన్న గద. తలుపు తీసి ఒక్క మాట నన్నెందుకు అడగలే?"

ఆయన చేతిలో తాడు అట్లాగే ఉంది. అబద్ధం చెప్తాడేమో, భయమైందని అంటాడేమో అనుకున్నాను. అబద్ధం చెప్పలేదు.

"అడిగితే నువ్వు వద్దంటవని తెలుసు" అన్నాడు.

తప్పు ఒప్పుకున్నట్టు అనలేదు ఆ మాట. నాకు అర్థం కావడానికి కారణం చెప్తున్నట్టు, చాలా మామూలుగా అన్నాడు.